పడవ లేకపోయినా నిలిచే కాలేజీ
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం సాధారణంగా డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నాకు వేరే పని అప్పగించారు. "మీ మనుమరాలు అమెరికాలో పడవ పందేల జట్టులో చేరిందట గదా! ఆ కాలేజీని ఎలా ఎంచుకున్నారో చెప్పండి. మన సభ్యుల పిల్లలు చాలామంది అక్కడే ఉన్నారు, పనికొస్తుంది" అన్నారు. నేను నీటిపారుదల శాఖలో ఎల్.డి.సి.గా చేరి సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. నీళ్ళ ఫైళ్ళు చూశానేగాని నీళ్ళలో దిగినవాణ్ణి కాను. అయినా మా అమ్మాయి, అల్లుడుగారు, మనుమరాలు కలిసి రెండేళ్ళపాటు ఈ విషయం తేల్చుకుంటున్నప్పుడు కాగితాలన్నీ చదివి నోట్ పెట్టే పని నాకు ఒప్పజెప్పారు. ఆ నోట్‌లోని సారాంశమే ఈ పూట మీకు మనవి చేస్తాను.

ముందు ఆ ఆట ఏమిటో చెప్పాలి. మన గోదావరి మీద సరంగు గడ వేసి నడిపే పడవ వేరు, ఇది వేరు. సన్నగా, పొడవుగా, తేలికగా ఉండే పడవలో ఎనిమిది మంది వరుసగా కూర్చుని ఒక్కొక్కరు ఒక్కొక్క తెడ్డు లాగుతారు. వాళ్ళందరూ పడవ వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. ముందున్నది చూసేది తొమ్మిదో మనిషి ఒక్కరే. ఆ మనిషిని కాక్సన్ అంటారు. చుక్కాని పట్టడం, కేక వేసి లయ చెప్పడం, ఎప్పుడు బలం పెంచాలో చెప్పడం అంతా ఆమె పని. వసంతకాలంలో జరిగే ముఖ్యమైన పందేలు 2,000 మీటర్ల దూరం. శరత్కాలంలో ఇంకా ఎక్కువ దూరం, ఒక పడవ తర్వాత ఒక పడవ బయల్దేరి కాలం లెక్కతో పోటీపడతాయి. బోస్టన్‌లో చార్లెస్ నది మీద 1965 నుండి అక్టోబరులో జరిగే పోటీ అలాంటిదే.

అక్కడ కాలేజీలు ఆడపిల్లల పడవ జట్లకు ఎందుకు అంత ఖర్చు పెడుతున్నాయని మీకు అనుమానం రావచ్చు. దాని వెనుక ఒక చట్టం ఉంది. 1972లో అమెరికాలో 'టైటిల్ నైన్' అనే చట్టం వచ్చింది. ఫెడరల్ ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ, మగ తేడా చూపరాదని దాని సారాంశం. అది ఆటలకూ వర్తిస్తుంది. చట్టం వచ్చినంత మాత్రాన అమలు కాదని మన ఉద్యోగులకు వేరే చెప్పనక్కరలేదు. యేల్ విశ్వవిద్యాలయంలో సాధన చేసే చోట మగపిల్లలకు స్నానాల గదులుండేవి, ఆడపిల్లలకు లేవు. తడిసిన బట్టలతో చలిలో, మగపిల్లలు స్నానాలు చేసి వచ్చేవరకు వాళ్ళు బస్సులో కూర్చోవలసి వచ్చేది. 1976 మార్చి 3న క్రిస్ ఎర్న్‌స్ట్ అనే అమ్మాయి నాయకత్వంలో 19 మంది క్రీడా విభాగపు అధికారిణి గదిలోకి వెళ్ళి, పై బట్టలు తీసి, ఒంటి మీద రాసుకున్న 'టైటిల్ నైన్' అనే అక్షరాలు చూపించి, తమ విన్నపాన్ని చదివి వినిపించారు. ఆ వార్త దేశమంతా పాకింది. తర్వాత వారికి స్నానాల గదులు వచ్చాయి. మనం ధర్నాలు చేసినవాళ్ళం కనుక ఆ పిల్లల తెగువ మనకు తెలుస్తుంది.

మగపిల్లల ఫుట్‌బాల్ జట్లలో చాలామంది ఉంటారు. ఆ సంఖ్యకు దీటుగా ఆడపిల్లలకు అవకాశం చూపాలంటే ఎక్కువమంది పట్టే ఆట కావాలి. అందుకే చాలా విశ్వవిద్యాలయాలు ఆడపిల్లల రోయింగ్‌ను ఎత్తుకున్నాయి. కాలేజీ క్రీడలను నడిపే ఎన్.సి.ఏ.ఏ. అనే సంస్థ 1997 నుండి మహిళల రోయింగ్‌కు జాతీయ పోటీ నడుపుతోంది. మొదటి ఏడాది వాషింగ్టన్ విశ్వవిద్యాలయం గెలిచింది. ఇటీవల టెక్సాస్ విశ్వవిద్యాలయం 2021, 2022, 2024లలో గెలిచింది. మగపిల్లల రోయింగ్ ఆ సంస్థ పరిధిలో లేదు. ఆడపిల్లలకు మగపిల్లలకంటే మెరుగైన అవకాశం ఉన్న బహుకొద్ది ఆటల్లో ఇదొకటి.

ఇక కాలేజీ ఎంపిక. మా మనుమరాలు ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. తెడ్డు లాగే పిల్లలు బాగా పొడగరులై ఉంటారు. వాళ్ళను కోచ్‌లు ముందుగా ఎర్గ్ అనే యంత్రం మీద చూస్తారు. కదలని ఆ యంత్రం మీద 2,000 మీటర్లు ఎంతసేపట్లో లాగారో సెకన్లతో సహా రాసుకుంటారు. ఏ కాలేజీకి ఎంత కావాలో ఆ కాలేజీ కోచ్‌నే అడగాలి. చిన్న ఒళ్ళు పిల్లలకు రెండు దారులున్నాయి. ఒకటి, 130 పౌండ్లకు, అంటే సుమారు 59 కిలోలకు మించనివారి లైట్‌వెయిట్ జట్టు. ఇవి ప్రిన్స్‌టన్, హార్వర్డ్ వంటి కొద్ది చోట్లనే ఉన్నాయి. ఆ బరువులోకి దిగడానికి ఆడపిల్ల కడుపు మాడ్చుకోవలసి వస్తే ఆ దారి వద్దని మా అమ్మాయి మొదటే గీత గీసింది. రెండోది కాక్సన్ పని. ఆడపిల్లల పడవలో కాక్సన్‌కు 110 పౌండ్లు, అంటే 50 కిలోలు ఉండాలి. తక్కువైతే ఇసుక సంచీ పెట్టుకుని కూర్చోవాలి. కాక్సన్‌ను ఎర్గ్ మీద కొలవరు. పందెంలో ఆమె వేసిన కేకల రికార్డింగు పంపమంటారు. మా పిల్లకు నోరు పెద్దది, ధైర్యం ఎక్కువ. ఇంట్లో మేము మందలించిన ఆ గుణాలే అక్కడ అర్హతలైనాయి.

హైస్కూల్లో ఆడనివారికీ దారి ఉంది. అనీటా డిఫ్రాంట్జ్ అనే నల్లజాతి అమ్మాయి కనెక్టికట్ కాలేజీ అనే చిన్న కాలేజీలో చేరాకనే ఈ ఆట మొదలుపెట్టింది. ఒలింపిక్స్‌లో మహిళల రోయింగ్ మొదటిసారి పెట్టిన 1976లో కాంస్య పతకం తెచ్చింది. తర్వాత అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సభ్యురాలైంది. కొత్తవారిని చేర్చుకుని నేర్పే జట్లు ఇప్పటికీ ఉన్నాయి.

డబ్బు సంగతికి వస్తాను. మనవాళ్ళలో "ఆటలో చేరితే చదువు ఉచితం" అనే ప్రచారం ఉంది. అది అన్నిచోట్లా నిజం కాదు. ఎన్.సి.ఏ.ఏ.లో మూడు డివిజన్లున్నాయి. మూడో డివిజన్‌లో ఆట పేర స్కాలర్‌షిప్ ఉండదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వంటి ఐవీ లీగ్ కాలేజీలు మొదటి డివిజన్‌లో ఉన్నా ఆట పేర డబ్బు ఇవ్వవు. ఈ రెండు చోట్లా కుటుంబ ఆదాయం చూసి సహాయం చేస్తారు. మిగిలిన మొదటి డివిజన్ కాలేజీల్లో 2024-25 వరకు ఒక్కొక్క జట్టుకు 20 పూర్తి స్కాలర్‌షిప్‌లకు సమానమైన సొమ్ము వరకే ఇవ్వవచ్చుననే హద్దు ఉండేది. దాన్ని చాలామందికి ముక్కలుగా పంచేవారు. 2025 జూన్‌లో ఒక కోర్టు రాజీ ఆమోదం పొందింది. దాని ప్రకారం 2025-26 నుండి, అందులో చేరిన కాలేజీలకు స్కాలర్‌షిప్ హద్దు పోయి జట్టు సంఖ్యకు హద్దు వచ్చింది. మహిళల రోయింగ్‌కు అది 68 మంది. అంతకుముందు కొన్నిచోట్ల వందకు పైగా ఉండేవారు. కనుక డబ్బు పెరిగే అవకాశం వచ్చింది, కొత్తవారికి చోటు తగ్గే ప్రమాదమూ వచ్చింది. మీ పిల్లలు పాత సమాచారం పట్టుకుని కూర్చోకుండా, ఆ కాలేజీ ఈ ఏర్పాటులో ఉందా లేదా అని అడిగి తెలుసుకోవాలి.

వీసా మీద ఉన్న కుటుంబాలకు ఇంకో మాట. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ప్రభుత్వపు విద్యార్థి సహాయం రాదు. కాలేజీ తన సొంత నిధి నుండి ఇచ్చేది ఏమిటో విడిగా అడగాలి. 21 ఏళ్ళు నిండితే హెచ్-4 హోదా పోతుంది కనుక చదువు మధ్యలో ఎఫ్-1కు మారవలసి వస్తుంది. 2021 నుండి కాలేజీ క్రీడాకారులు తమ పేరు, బొమ్మ వాడనిచ్చి సంపాదించుకోవచ్చు. వీసా పిల్లలు మాత్రం న్యాయవాదిని అడగకుండా ఆ డబ్బు ముట్టుకోరాదు.

మనందరికీ సర్వీసులో అలవాటైన సూత్రం ఒకటి ఇక్కడ అక్షరాలా పనికొచ్చింది. ఆఫీసరుగారి హామీ వేరు, సంతకమైన ఉత్తర్వు వేరు. అక్కడ కోచ్‌లు ఫోనులో "మా జట్టులో నీకు చోటుంది" అంటారు. దానికి అక్కడివారు పెట్టిన పేరే నోటిమాట ఆఫర్. అది ఎవరినీ కట్టివేయదు. మన భాషలో నీటిమూట. ఎంత సొమ్ము, ఒక్క ఏటికా నాలుగేళ్ళకా, దెబ్బ తగిలితే ఉంటుందా, జట్టులోంచి తప్పుకుంటే ఏమవుతుంది, ఈ నాలుగూ కాగితం మీద ఉండాలి. పైగా చాలా కాలేజీల్లో అడ్మిషన్ ఇచ్చే అధికారం కోచ్‌కు లేదు. ఆయన సిఫారసు చేస్తాడు, మంజూరు చేసేది అడ్మిషన్ ఆఫీసు. నోట్ పెట్టినవాడికీ సంతకం చేసేవాడికీ ఉన్న తేడా మనకంటే ఎవరికి బాగా తెలుసు?

తేదీల విషయం కూడా మనవి చేస్తాను. మొదటి డివిజన్ కోచ్‌లు పదో తరగతి పూర్తయిన ఏడాది జూన్ 15 నుండి పిల్లతో స్వయంగా మాట్లాడవచ్చు. ఆగస్టు 1 నుండి కాలేజీ ఖర్చు మీద పిల్లను పిలిపించి చూపించవచ్చు. అంతకుముందు పిల్ల ఉత్తరం రాసినా వివరంగా జవాబు రాకపోతే నిరాశ పడనక్కరలేదు. ఆ ఉత్తరాలు పిల్లే రాయాలి. తండ్రి రాసిన ఉత్తరాన్ని కోచ్ ఇట్టే పోల్చుకుంటాడు. మొదటి, రెండో డివిజన్లలో ఆడాలంటే ఎన్.సి.ఏ.ఏ. అర్హతా కేంద్రంలో పేరు నమోదు చేయించాలి. హైస్కూల్లో నిర్ణీతమైన 16 కోర్సులు పూర్తి చేయాలి. మొదటి డివిజన్‌కు ఆ కోర్సుల్లో సగటు 2.3 ఉండాలి. ఇది ఆడడానికి అర్హత మాత్రమే. మంచి కాలేజీలో సీటుకు ఇది ఏ మూలకూ చాలదు.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టవద్దంటారు మనవాళ్ళు. చదువూ ఆటా రెండూ కావాలనుకున్న పిల్ల పని అచ్చంగా అదే. మొదటి డివిజన్‌లో పోటీల కాలంలో వారానికి 20 గంటలకు మించి సాధన చేయించరాదని నిబంధన ఉంది. ప్రయాణాలు ఆ లెక్కలోకి రావు. పందెం జరిగిన రోజు ఎంతసేపు పట్టినా మూడు గంటలే లెక్క. మన టూర్ డైరీల సంగతి గుర్తుకొస్తోంది గదూ! తెల్లవారకముందే లేచి నీటి మీదికి వెళ్ళాలి. మా పిల్ల సివిల్ ఇంజనీరింగ్ చదవాలనుకుంది. కనుక ప్రయోగశాల తరగతులు ఏ వేళ, సాధన ఏ వేళ అన్నది మా నోట్‌లో మొదటి గడి. ఇప్పుడు జట్టులో ఇంజనీరింగ్ చదివేవారు ఎంతమంది ఉన్నారన్నది రెండో గడి. మొదటి ఏడాది చేరినవారిలో నాలుగో ఏడాదికి ఎంతమంది మిగిలారన్నది మూడో గడి. ఈ ప్రశ్నకు జంకకుండా జవాబు చెప్పిన కోచ్‌ను నమ్మవచ్చునని నా అభిప్రాయం. ఉత్తరాదిన, ఉదాహరణకు విస్కాన్సిన్‌లో, సరస్సులు చలికాలంలో గడ్డకట్టి సాధన నెలల తరబడి గదిలోనే సాగుతుంది. ఆస్టిన్‌లో ఏడాది పొడుగునా నీళ్ళ మీదే. అది నాలుగో గడి. ఈ ఆటలో నడుము నొప్పి, పక్కటెముకల పగుళ్ళు మామూలు. వైద్యం ఎవరు చేయిస్తారు, ఖర్చు ఎవరిది అన్నది అయిదో గడి.

ఇప్పుడు అసలు విషయం. కాలేజీ నాలుగేళ్ళూ ఉంటుంది. జట్టు ఉంటుందని నమ్మకం లేదు. స్టాన్‌ఫర్డ్ అంతటి విశ్వవిద్యాలయం 2020 జూలైలో ఖర్చు పేరు చెప్పి 11 ఆటలు ఎత్తివేస్తున్నట్లు ప్రకటించింది. అందులో ఆడపిల్లల లైట్‌వెయిట్ రోయింగ్ ఉంది, మగపిల్లల రోయింగ్ ఉంది. పెద్ద ఆందోళన జరిగాక 2021 మేలో ఆ నిర్ణయం వెనక్కు తీసుకుంది. కనెక్టికట్ విశ్వవిద్యాలయం కూడా 2020లో మహిళల రోయింగ్ ఎత్తివేస్తామన్నది. ఆ పిల్లలు టైటిల్ నైన్ పట్టుకుని కోర్టుకు వెళ్ళారు. 2021లో కోర్టు ఆపుదల ఉత్తర్వు ఇచ్చింది, జట్టు నిలిచింది. ఈ రెండు చోట్లా కథ సుఖాంతమైంది. కానీ తీర్పు వచ్చేవరకు ఆ పిల్లల పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. పోస్టు రద్దయితే మనల్ని ఇంకో ఆఫీసులో సర్దుతారు. వాళ్ళను సర్దే ఆఫీసు లేదు. జట్టు ఉన్నా పిల్లకు నడుము పట్టేయవచ్చు, కోచ్ మారవచ్చు, రెండేళ్ళకు ఆట మీద మనసు విరగనూ వచ్చు.

అందుచేత నోట్ చివర నేనొక పని చేశాను. ఆటకు సంబంధించిన గడులన్నింటి మీదా కాగితం ముక్క అడ్డం పెట్టి, మిగిలిన గడులు మాత్రమే చదివి చూడమన్నాను. చదువు, ఖర్చు, ఊరు, తిండి, భద్రత, ఇంటికి దూరం. పడవ మాట ఎత్తకుండా ఆ కాలేజీ నిలబడుతుందా? నిలబడితే పడవ దానికి అదనపు ఇంక్రిమెంటు. నిలబడకపోతే ఎంత పెద్ద పేరున్న జట్టయినా ఆ కాలేజీ వద్దు.

మా పిల్లకు చివరికి రెండు మిగిలాయి. ఒకటి పెద్ద రాష్ట్ర విశ్వవిద్యాలయం. పేరు గొప్పది, జట్టు గొప్పది, కొంత స్కాలర్‌షిప్ ఇస్తామని ఫోనులో అన్నారు. కాగితం అడిగితే చూద్దామన్నారు. అక్కడ అప్పటికే నలుగురు కాక్సన్‌లున్నారు. సాధన వేళ, ప్రయోగశాల వేళ ఒకటే. రెండోది మూడో డివిజన్‌లోని చిన్న కాలేజీ. ఆట పేర రూపాయి ఇవ్వరు. ఆదాయం చూసి ఎంత సహాయం చేస్తారో లెక్క కట్టి కాగితం పంపారు. ఇంజనీరింగ్ ఉంది. అల్లుడుగారి మనసు మొదటిదాని మీద ఉంది. ఆయన్ను తప్పు పట్టలేను. ఉద్యోగాల మార్కెట్లో కాలేజీ పేరుకు విలువ ఉందని ఆయన అనుభవం. ఇంట్లో వారం రోజులు మాటలు సరిగ్గా లేవు.

కాలేజీ చూడబోవడం మన పెళ్ళిచూపుల వంటిది. ఆ రోజు అందరూ నవ్వుతూనే ఉంటారు. ఇరుగుపొరుగును అడిగినవాడే తెలుసుకుంటాడు. పిల్ల రెండు చోట్లా ఒక్కొక్క రాత్రి జట్టులోని అమ్మాయిల గదిలో ఉండి వచ్చింది. కోచ్ లేనప్పుడు వాళ్ళు కోచ్ గురించి ఏం మాట్లాడుకుంటారో విన్నది. పరీక్ష పందెం రోజే పడితే ఏం చేస్తారని అడిగింది. తర్వాత నేను ఫోనులో ఒక్కటే అడిగాను. "అమ్మడూ, రేపు పడవ లేదనుకో. ఏ ఊళ్ళో ఉంటావు?" రెండు రోజులు గడువు అడిగింది. రెండో రోజు రాత్రి వాళ్ళ నాన్నగారి దగ్గర కూర్చుని చిన్న కాలేజీ పేరు చెప్పి, ఎందుకో గడి గడికీ వివరించిందట. ఆయన అంతా విని, "ఇంత స్పష్టంగా ఉంటే సరే" అన్నారు. ఇప్పుడు రెండో ఏడు చదువుతోంది. జట్టులో రెండో పడవకు చుక్కాని పడుతోంది. మొదటి పడవ ఇంకా అందలేదు. స్ట్రక్చర్స్ పేపరు కష్టంగా ఉందంటోంది. ఆ రెండూ తన కష్టాలే, తనే చూసుకుంటుంది.

మిత్రులారా, తాతలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు మూడు మనవులు చేసి ముగిస్తాను. ఒకటి, ఎండలో నల్లబడ్డావని, చేతులు కాయలు కాశాయని, లావయ్యావని, చిక్కిపోయావని ఆ పిల్లలతో అనకండి. బరువు మాట ఆ ఆటలో ఉన్న ఆడపిల్లకు ముల్లులా గుచ్చుకుంటుంది. రెండు, పక్కింటివాళ్ళ మనుమరాలి కాలేజీ పేరుతో పోల్చకండి. మూడు, నిర్ణయం వాళ్ళకు వదలండి, కాగితాలు మాత్రం మీరు చదవండి. మనకు తీరిక ఉంది, షరతులు వెతికే కన్ను ఉంది, చిన్న అక్షరాలు చదివే ఓపిక ఉంది. సర్వీసులో గడించిన ఈ ఆస్తికి ఏ కమ్యుటేషనూ కోత పెట్టలేదు. దాన్ని పిల్లలకు ఇద్దాం.

ఎవరికైనా ఆ నోట్ నమూనా కావాలంటే సంఘం కార్యాలయంలో ఒక ప్రతి ఉంచాను. జిరాక్స్ తీసుకోవచ్చు.